వేరిగేటెడ్ సక్యులెంట్స్: మన ఎండల్లో పెంచడం, రంగు పోకుండా కొత్త మొక్కలు తీయడం

పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి కోసి ముక్కలు చేసి మట్టిలో గుచ్చితే కొన్ని నెలలకి పిలక వస్తుంది, కానీ ఆ పిలకకి పసుపు అంచు ఉండదు, మొత్తం పచ్చగానే ఉంటుంది. ఎరువు తక్కువైందా, ఎండ చాల్లేదా, నర్సరీవాళ్ళు వేరే మొక్క అంటగట్టారా అని చాలామంది అడుగుతుంటారు. అవేవీ కాదండి. ఆకు ముక్క నుంచి తీస్తే ఎవరింట్లో అయినా అలాగే వస్తుంది. అదే మొక్కని కుండీలోంచి తీసి దుబ్బు విడదీసి, వేరుతో సహా పిలకని వేరే కుండీలో పెడితే పసుపు అంచు చెక్కుచెదరకుండా వస్తుంది. వేరిగేటెడ్ సక్యులెంట్స్, అంటే నీళ్ళు దాచుకునే దళసరి మొక్కల్లో ఆకుకి రెండు రంగులున్నవి, పెంచేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే, కొత్త చిగురు మొక్కలో ఎక్కడ పుట్టింది అన్నదాన్ని బట్టే రంగు నిలుస్తుందా పోతుందా అన్నది తేలుతుంది. మట్టి, నీళ్ళు, ఎండ ఇవన్నీ మొక్కని బతికించడానికి, రంగుని కాపాడేది మాత్రం మనం ఎక్కడ కోస్తున్నాం అన్నదే. కాబట్టి ఈ గైడ్ లో కటింగ్స్ (కొమ్మో ఆకో కోసి కొత్త మొక్క తీయడం) గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు అది ఏ రకం రంగో చూసుకోండి

రంగు కనిపించిన ప్రతి సక్యులెంట్ వేరిగేటెడ్ కాదు. ఎకెవేరియా, గ్రాప్టోపెటలమ్, మామూలు జేడ్ లాంటివి డిసెంబర్, జనవరిలో అంచులు ఎర్రగా, గులాబీగా మారతాయి. బాగా వెలుతురు ఉండి, రాత్రిళ్ళు చల్లగా ఉండి, నీళ్ళు కాస్త తగ్గితే ఆకులో ఆంథోసయనిన్ అనే రంగు తయారవుతుంది, ఎండ నుంచి కాపాడుకోడానికి మొక్క చేసుకునే ఏర్పాటు అది. దీన్నే స్ట్రెస్ కలర్ అంటారు. ఏప్రిల్ వచ్చేసరికి అదే మొక్క మళ్ళీ పచ్చబడిపోతుంది, అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు.

వేరిగేషన్ అంటే ఆకులో కొంత భాగంలో పత్రహరితం లేకపోవడం. ఆ భాగం తెల్లగానో, క్రీమ్ కలర్ లోనో, పసుపుగానో ఉంటుంది, ఎండాకాలమైనా చలికాలమైనా ఆ గీత పోదు, దాని మీద స్ట్రెస్ కలర్ కూడా ఎక్కితే గులాబీ రంగు కనిపిస్తుంది. ఇక మూడో రకం, హవార్తియా మీద తెల్ల చారలు, టైగర్ అలో మీద మచ్చలు, ఇవి ఆ జాతికి పుట్టుకతో వచ్చిన డిజైన్, విత్తనం వేసినా ఆకు పెట్టినా మళ్ళీ అదే వస్తుంది. జాగ్రత్త అంతా రెండో రకంతోనే.

ఆ రెండో రకంలో లోపల జరిగేది ఏంటంటే, కొమ్మ చివర చిగురు పుట్టే చోట కణాలు ఒకదాని మీద ఒకటి తొడిగిన చొక్కాల్లా రెండు మూడు పొరలుగా ఉంటాయి. ఒక పొరలో పత్రహరితం చేసే శక్తి ఉంటుంది, ఇంకో పొరలో ఉండదు. రెండూ కలిసి పెరిగినంతకాలం ఆకుకి అంచు ఒక రంగు, మధ్య ఒక రంగు వస్తాయి. ఇలాంటి మొక్కని కైమెరా అంటారు. ఆకు మొదట్లో, కొమ్మకి అతుక్కునే మూలలో ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది చూడండి, ఆ మొగ్గలో ఈ పొరలన్నీ ముందే ఉంటాయి, అందుకే అది లేస్తే తల్లి రంగే వస్తుంది. తెంపిన ఆకు అడుగున కొత్తగా పుట్టే మొగ్గ అలా కాదు, అది ఏవో కొన్ని కణాల నుంచి మొదలవుతుంది, ఆ కణాలు పచ్చవైతే పిల్ల పచ్చన, తెల్లవైతే పిల్ల తెల్లన, రెండూ కలిసి దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

మన వేడికి ఏవి కొనాలి

మొదలుపెట్టేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది మినీ జేడ్ వేరిగేటెడ్, అంటే పోర్చులకేరియా. సౌతాఫ్రికా మొక్క, అక్కడ ఏనుగులు మేసే పొద, మన ఎండని బానే తట్టుకుంటుంది, కొమ్మ ఎర్రగా, ఆకు చిన్నగా క్రీమ్ అంచుతో ఉంటుంది. ఆకు మధ్యలో క్రీమ్ ఉండే రకం కూడా దొరుకుతుంది. రెండోది స్నేక్ ప్లాంట్, దీని గురించి చెప్పక్కర్లేదు. మూడోది పెడిలాంథస్, గోడల పక్కన, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర వరసగా పెంచుతారే, కొమ్మ వంకరటింకరగా పోతూ ఆకులు తెలుపు పచ్చ గులాబీ కలిసి ఉంటాయి, అది. చవకగా ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ వేరిగేటెడ్ సక్యులెంట్స్ లో మన వాతావరణానికి అంత మొండి మొక్క ఇంకోటి లేదని నా అభిప్రాయం. తెల్ల అంచు ఉన్న వాము ఆకు మొక్క కూడా ఈ లెక్కలోదే, ఆకు దళసరిగా నీళ్ళు నింపుకుని ఉంటుంది, కొమ్మ విరిచి గుచ్చితే చాలు.

వీటి తర్వాత కలాంచో ఫెడ్షెంకోయ్ వేరిగేటెడ్, గాస్టేరియా, హవార్తియా రకాలు, అగేవ్. అగేవ్ లో అమెరికానా అనే పెద్ద రకం బాల్కనీకి పనికిరాదు, మనిషంత ఎదుగుతుంది, ముళ్ళు కూడా ఘోరంగా ఉంటాయి, పిల్లలు తిరిగే ఇంట్లో అసలొద్దు. డెస్మెటియానా వేరిగేటెడ్ కొంచెం సాధువు, ఆకు చివర ముల్లు మాత్రం గోళ్ళ కట్టర్ తో కత్తిరించేయండి.

ఎకెవేరియా, ఏయోనియమ్ ఫోటోలు చూసి అవే ముందు కొంటారు అందరూ. ఎకెవేరియాలు ఎక్కువగా మెక్సికో కొండల మీద పుట్టినవి, పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లబడాలి వాటికి. ఊటీలోనో బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ లోనో అలవోకగా పెరుగుతాయి, విజయవాడలో మే నెల రాత్రి మాత్రం వాటికి నరకం. దీనికో కారణం ఉంది, చాలా సక్యులెంట్స్ పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని గాలి పీల్చుకుంటాయి, రాత్రి కూడా వేడిగా ఉంటే ఆ పని సాగదు, మొక్క పెరుగుదల ఆపేసి కూర్చుంటుంది, అప్పుడు మనం జాలిపడి నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. హైదరాబాద్ లో గాలి కాస్త పొడిగా ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటే నెట్టుకురావచ్చు, కోస్తాలో ఉక్కపోత ఎక్కువ, ఒక ఏడాది మినీ జేడ్, కలాంచో లాంటివి పెంచి చెయ్యి తిరిగాక ఎకెవేరియాల జోలికి వెళ్ళండి.

కొనేటప్పుడు, కడియం నర్సరీలకి వెళ్ళినా, నెక్లెస్ రోడ్ లో పెట్టే నర్సరీ మేళాలో కొన్నా, కుండీ పైకెత్తి అడుగున చూడండి, మొదలు దగ్గర వేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే వద్దు. ఆకుల సందుల్లో తెల్లటి దూది లాంటిది ఉంటే అది పిండినల్లి అనే పురుగు, ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు. ఒకే కొమ్మ మీద పచ్చ, తెలుపు రెండూ సమానంగా ఉన్న మొక్క తీసుకోండి, దాదాపు తెల్లగా ఉన్నది చూడ్డానికి బాగుంటుంది కానీ తిండి చేసుకునే పచ్చ భాగం తక్కువ కాబట్టి నెమ్మదిగా పెరిగి చిన్న తేడా వచ్చినా పోతుంది. ఆన్‌లైన్ లో నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల సక్యులెంట్ విత్తనాలు అని అమ్ముతుంటారు, అవి కొనకండి, ఈ కైమెరా వేరిగేషన్ విత్తనంలో నమ్మకంగా దిగదు, అంత నీలం రంగు మొక్కలు ఫోటోషాప్ లోనే ఉంటాయి. హవార్తియాలకీ కాక్టస్ లకీ పెయింట్ కొట్టి అమ్మేవి కూడా ఉన్నాయి, కొత్త ఆకు పచ్చగా వస్తూ పాత ఆకులు మాత్రమే ముదురు రంగులో ఉంటే అది పెయింటే, పైగా ఆ పూత వెలుతురుని అడ్డుకుంటుంది.

మట్టి, కుండీ

నర్సరీ నుంచి వచ్చే మొక్క చాలాసార్లు బంకమట్టి ముద్దలోనో, ఉత్త కోకోపీట్ లోనో ఉంటుంది. రెండూ మార్చాల్సిందే. తెచ్చిన రోజే మార్చకుండా ఒక వారం నీడలో, మిగతా మొక్కలకి దూరంగా పెట్టి, తర్వాత ముద్దని పొడిగా ఉన్నప్పుడే చేత్తో మెల్లగా విడగొట్టండి.

నేను చెప్పే మిక్స్ కొలతలు ఇవి, ఏదైనా డబ్బాతో కొలవండి. సిండర్ గానీ ప్యూమిస్ గానీ (రెండూ తేలికైన గుల్ల రాళ్ళే) 3 డబ్బాలు, దొరక్కపోతే ఇటుక ముక్కలు చితక్కొట్టి జల్లించి వాడొచ్చు, శనగగింజ సైజు నుంచి కందిపప్పు సైజు దాకా ఉన్నవి ఉంచుకుని పొడి పారేయండి. దొడ్డు ఇసుక 1 డబ్బా, కడిగినది. బాగా మాగిన వర్మీకంపోస్ట్ 1 డబ్బా. గుప్పెడు బొగ్గు ముక్కలు, గుప్పెడు వేపపిండి. కోస్తా వాళ్ళు కంపోస్ట్ ని సగానికి తగ్గించేయండి. ఇటుక పొడిగానీ ఇసుక దుమ్ముగానీ అందులో ఉండిపోతే సిమెంట్ లా గట్టిపడి నీళ్ళు పైనే నిలబడతాయి, అందుకే జల్లించడం, కడగడం అనే పని విసుగ్గా ఉన్నా మానకండి. నీళ్ళు పోసిన కొన్ని సెకన్లకే అడుగు నుంచి బయటికి రావాలి, అదే పరీక్ష.

కుండీ మట్టిదైతే మంచిది, మొక్క వేరు ముద్ద కంటే వేలెడు వెడల్పు ఉంటే చాలు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో పెడితే వేడెక్కి లోపల వేర్లు ఉడికిపోతాయి, ఇంట్లో అవే ఉంటే తెల్ల పెయింట్ కొట్టండి లేదా పెద్ద మట్టి కుండీలో దింపి పెట్టండి.

ఎండ, నీళ్ళు

వేరిగేటెడ్ మొక్కతో ఉన్న చిక్కు ఏంటంటే పత్రహరితం తక్కువ కాబట్టి దానికి వెలుతురు ఎక్కువ కావాలి, కానీ తెల్ల భాగం నేరుగా పడే మధ్యాహ్నపు ఎండని తట్టుకోలేదు, గోధుమరంగు మచ్చలు పడి కాలిపోతుంది, ఆ మచ్చ మళ్ళీ పోదు. తూర్పు బాల్కనీ దీనికి వరం, ఉదయం 9, 10 గంటల దాకా పడే ఎండ సరిపోతుంది. టెర్రస్ మీద అయితే 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి, మార్చి నుంచి జూన్ దాకా 75 శాతం నెట్ అయినా పర్లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో నెట్ కింద కూడా పడమటి గోడకి ఆనించి పెట్టొద్దు, గోడ రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. నీడలోంచి ఎండలోకి మార్చేటప్పుడు ఒకేసారి మార్చకుండా రెండు వారాల పాటు రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి.

ఫ్లాట్ లో ఎండే రాదనుకునేవాళ్ళు తెల్ల ఎల్ఈడీ గ్రో లైట్ ని అడుగు దూరంలో పెట్టి రోజుకి 10 నుంచి 12 గంటలు వేసుకోవచ్చు, న్యూజెర్సీ, టొరంటో లాంటి చోట్ల ఉన్న మనవాళ్ళకి చలికాలం అంతా ఇదే దారి, మంచు కురిసే ముందే మొక్కలు లోపలికి తెచ్చేయాలి, ఒక్క రాత్రి గడ్డకడితే ఆకులు నీళ్ళోడి జావ అయిపోతాయి.

నీళ్ళకి వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి. చీపురు పుల్ల కుండీ అడుగు దాకా గుచ్చి తీయండి, పొడిగా వస్తే పోయండి, మట్టి అంటుకుని చల్లగా తగిలితే ఆగండి. పోసినప్పుడు పూర్తిగా, అడుగు నుంచి కారేదాకా పోయాలి. ఎండాకాలంలో సూర్యుడు దిగాక సాయంత్రం, చలికాలంలో ఉదయం. వానాకాలం మాత్రం రేకు కిందకో సన్‌షేడ్ కిందకో జరిపేయండి, రెండు మూడు రోజుల ముసురు పట్టిందంటే ఎంత మంచి మిక్స్ అయినా ఆరదు. బోర్ నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో కుండీ అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది, ఆ ఉప్పు వేర్లకి మంచిది కాదు, వాన నీళ్ళు పట్టి పెట్టుకుని అప్పుడప్పుడు వాటితో కడిగినట్టు పోయండి. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి వదిలే నీళ్ళు వీటికి అస్సలు వద్దు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఎరువు చాలా తక్కువ చాలు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి 19:19:19 అనే నీళ్ళలో కరిగే ఎరువు లీటర్ నీళ్ళకి అర గ్రాము. అంతకు మించి నత్రజని పెడితే ఆకులు మెత్తగా సాగిపోతాయి, పచ్చ కొమ్మలు జోరందుకుంటాయి.

కటింగ్స్: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

మన దగ్గర మంచి టైమ్ అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి. వానలు తగ్గి, ఎండ మెత్తబడి, గాయం త్వరగా ఆరుతుంది. మే నెలలో, ముసురు పట్టిన ఆగస్టులో కోసినవి ఎక్కువ శాతం పోతాయి, మొక్క కుళ్ళుతుంటే తప్పక కోయాలి కానీ కావాలని మాత్రం అప్పుడు కోయకండి.

కావాల్సింది ఒక కొత్త బ్లేడు, మెడికల్ షాప్ లో దొరికే స్పిరిట్, దూది, సాఫ్ అనే ఫంగిసైడ్ (బూజు, కుళ్ళు రాకుండా వాడే మందు) పొడి. ప్రతి మొక్కకీ మధ్య బ్లేడుని స్పిరిట్ తో తుడవండి. పెడిలాంథస్, యుఫోర్బియా రకాలు కోస్తే పాలు కారతాయి, అది చర్మానికి మంట, కంట్లో పడితే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కోశాక ఆ చివరని నీళ్ళలో ముంచితే పాలు ఆగుతాయి.

మినీ జేడ్ తో మొదలుపెడదాం, మిగతా కొమ్మ మొక్కలన్నిటికీ ఇదే పద్ధతి.

మొదట కొమ్మ ఎంచుకోవాలి, అసలు నైపుణ్యం అంతా ఇక్కడే ఉంది. కొమ్మని వెలుతురులో పట్టుకుని చూడండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, జంట ఉన్న ప్రతి చోటా ఒక కణుపు, ఆ కణుపు చుట్టూ సన్నటి గీత. లేత కొమ్మల్లో ఒక్కోసారి ఆకు రంగు కిందికి కొమ్మ మీదకి కూడా చారలాగా దిగుతుంది, ఒక పక్క లేత రంగు, ఇంకో పక్క ముదురు రంగు. ఆకు మూలలో ఉన్న మొగ్గ ఏ చార మీద కూర్చుందో ఆ రంగు కొమ్మే వేస్తుంది. తెల్ల చార మీద ఉన్న మొగ్గ తెల్ల కొమ్మ, పచ్చ చార మీదది పచ్చ కొమ్మ, రెండూ కలిసే గీత మీద ఉన్న మొగ్గలే మనకి కావాల్సినవి. క్రీమ్ అంచు అన్ని ఆకులకీ చుట్టూ సమానంగా ఉన్న కొమ్మ అయితే ఇంత వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ కోసినా రంగు నిలుస్తుంది. ఆకులు కొన్ని పూర్తి పచ్చ, కొన్ని సగం తెలుపు ఉన్న కొమ్మల దగ్గరే ఈ పరీక్ష చేయాలి.

రెండోది, చూపుడు వేలంత పొడవు కొమ్మని కణుపుకి కొద్దిగా కింద ఒకే దెబ్బతో కోయండి, కత్తెరతో నలిపితే గాయం పెద్దదవుతుంది. కింది రెండు జంటల ఆకులు తీసేయండి, వేర్లు ఎక్కువగా వచ్చేది ఆ కణుపుల నుంచే.

మూడోది, కోసిన చివరని సాఫ్ పొడిలో అద్ది, పేపర్ మీద నీడలో ఆరబెట్టండి. సన్న కొమ్మలకి 3, 4 రోజులు, బొటనవేలంత లావు ఉంటే వారం, పదిరోజులు. చివర తెల్లగా, గట్టిగా, వేలితో తాకితే బెరడులా అనిపించాలి. ఆకులు కాస్త ముడతలు పడతాయి, పడనివ్వండి, దాహం వేసిన కొమ్మే వేర్లు తొందరగా వదుల్తుంది.

నాలుగోది, పొడి మిక్స్ లో రెండు కణుపుల లోతు గుచ్చి, కదలకుండా చుట్టూ రాళ్ళు పెట్టి, నీళ్ళు పోయకుండా వెలుతురున్న నీడలో ఉంచండి. నాలుగైదు రోజుల తర్వాత కొంచెం తడపండి, ఆ తర్వాత పైన అంగుళం ఆరినప్పుడల్లా కొంచెం. చలికాలంలో మూడు నాలుగు వారాలకి వేరు పడుతుంది. మెల్లగా లాగితే పట్టుకున్నట్టు ఉంటే పడినట్టే, రోజూ లాగి చూడ్డం మాత్రం వద్దు, దారం లాంటి కొత్త వేర్లు తెగిపోతాయి.

వాము ఆకుకి ఇంత తతంగం అక్కర్లేదు, ఒక పూట ఆరబెట్టి గుచ్చేయండి, తడి మట్టి అయినా ఒప్పుకుంటుంది.

స్నేక్ ప్లాంట్ కి ముందే చెప్పాను కదా, దుబ్బు విడదీయడమే. కుండీ పక్కకి వాల్చి తడితే ముద్ద బయటికి వస్తుంది, మట్టి దులిపితే పసుపు కొమ్ములా లావుగా ఉన్న దుంప వేరు కనిపిస్తుంది, తల్లికీ పిలకకీ మధ్య దాన్ని కోసి, పిలకకి కొన్ని సొంత వేర్లు ఉండేలా చూసుకుని, రెండు మూడు రోజులు ఆరబెట్టి నాటండి. అగేవ్, గాస్టేరియా, హవార్తియా పిలకలు కూడా ఇలాగే, పిలక తల్లిలో మూడో వంతు సైజు వచ్చేదాకా ఆగితే బతికే ఛాన్స్ ఎక్కువ. ఈ జాతుల్లో పిలకలన్నీ ఒకేలా రావు, ఒకటి ఎక్కువ పసుపు, ఒకటి పూర్తి పచ్చ వస్తుంది, చారలు సమానంగా ఉన్నవి వేరే నాటుకుని పచ్చవి ఎవరికైనా ఇచ్చేయండి, పూర్తి పసుపు పిలకని మాత్రం తల్లి నుంచి విడదీయకండి, తల్లి తిండి మీదే అది బతుకుతోంది.

వేరిగేటెడ్ ఎకెవేరియా లాంటి గులాబీ పువ్వు ఆకారం మొక్కలకి తల కోయడం మంచి పద్ధతి. కింది ఆకుల వరసల మధ్య నైలాన్ దారం దూర్చి, రెండు కొసలూ అడ్డంగా లాగితే కాండం శుభ్రంగా తెగుతుంది. కింద మోడు మీద కనీసం రెండు మూడు వరసల ఆకులు మిగలాలి, ఎందుకంటే పిల్లలు పుట్టేది ఆ ఆకుల మూలల్లో ఉన్న మొగ్గల నుంచే, అందుకే వాటికి తల్లి రంగు దిగుతుంది. పైన కోసిన తలని వారం ఆరబెట్టి నాటండి. మోడుని కదపకుండా మంచి వెలుతురులో పొడిగా ఉంచితే నెల, నెలన్నరకి మూలల్లో చిన్న చిన్న చిగుళ్ళు తొంగిచూస్తాయి. వేలి గోరంత ఉన్నప్పుడే లాగేయకుండా రూపాయి బిళ్ళ కంటే పెద్దవయ్యాక కోయండి.

ఆకులతో ప్రయత్నించొద్దని నేను అనట్లేదు. ఆకుని పక్కకి ఊపుతూ మొదలంటా తెంపాలి, మొదట్లో ఆ నెలవంక లాంటి కొస విరిగితే పిల్ల రాదు. ఆరాక మిక్స్ మీద ఊరికే పరిచిపెట్టండి, గులాబీ రంగు వేర్లు ముందొస్తాయి, తర్వాత బుజ్జి మొక్క. ఆ బుజ్జి మొక్క పచ్చగా వస్తే అది మామూలు మొక్కగా హాయిగా పెరుగుతుంది, పూర్తి తెల్లగా వస్తే తల్లి ఆకు ఎండేదాకా ఉండి అదీ ఎండిపోతుంది, రెండూ కలిసి వస్తే మాత్రం దాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

రణపాల ఆకు అంచున పిల్లలు మొలవడం మనందరం చిన్నప్పుడు చూసిందే. రణపాల కూడా ఒక కలాంచోనే, దాని లాగే ఫెడ్షెంకోయ్ ఆకు అంచుల్లోనూ పిల్లలు వస్తాయి కానీ వాటిల్లో పచ్చవి కలుస్తాయి, రంగు కావాలంటే కొమ్మే పెట్టండి. పింక్ బటర్‌ఫ్లైస్ అని ఇంకో కలాంచో ఉంది, ఆకు అంచంతా గులాబీ రంగు సీతాకోకచిలుకలు వాలినట్టు పిల్లలుంటాయి. వాటిల్లో పత్రహరితం లేదు, కింద రాలితే మామూలుగా బతకవు. ఎన్ని వందలు ఏరి నాటినా ఫలితం ఉండదు, ఆ మొక్క పెంచాలంటే కొమ్మ కటింగ్ ఒక్కటే దారి.

మూన్ కాక్టస్ కి అంటు

ఎర్రగా, పసుపుగా, బంతిలా పైన ఉండి కింద పచ్చ కాండం ఉండే మూన్ కాక్టస్ అందరికీ తెలుసు. పైన ఉన్నది పత్రహరితం లేని జిమ్నోకాలిసియమ్, కింద ఉన్నది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం, తిండి అంతా కింది కాండమే చేసి పైకి పంపుతుంది. రెండింటి పెరుగుదల ఒకటి కాదు కాబట్టి కొన్నేళ్ళకి ఆ జోడీ పాడవుతుంది, కింది కాండం మెత్తబడటం కనిపించగానే బంతి పక్కన వచ్చిన పిల్లని కొత్త కాండానికి అంటు కట్టేయండి. డ్రాగన్ ఫ్రూట్ తోటలు మన దగ్గర చాలా చోట్ల వచ్చేశాయి, కొమ్మ కత్తిరింపులప్పుడు అడిగితే ముక్క దొరుకుతుంది, దాన్ని ముందే వేరు పట్టించి ఉంచుకోవాలి.

సెప్టెంబర్, అక్టోబర్ గానీ ఫిబ్రవరి గానీ చూసుకోండి, వాన పడని రోజు. కాండాన్ని అడ్డంగా బల్లపరుపుగా కోసి, మూడు అంచులనీ కొంచెం ఏటవాలుగా చెక్కండి, లేకపోతే ఆరేటప్పుడు మధ్య భాగం గుంటపడి పైది ఊడిపోతుంది. పిల్ల బంతి అడుగు కూడా అలాగే కోయండి. రెండు కోతల్లోనూ మధ్యలో గుండ్రటి రింగ్ కనిపిస్తుంది, నీళ్ళు తిండి నడిచే దారి అదే. రెండు రింగులూ కనీసం ఒక చోట ఒకదాని మీద ఒకటి పడాలి, సైజులు వేరైతే బంతిని కొంచెం పక్కకి జరిపి కలపండి. కోత ఆరకముందే అతికించి, గాలి బుడగ లేకుండా మెల్లగా తిప్పి నొక్కి, కుండీ కింద నుంచి పైకి రెండు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా నిలువుగా వేయండి. నీడలో పది రోజులు, కోత మీద నీటి చుక్క పడకూడదు. రెండు వారాలకి బ్యాండ్లు తీస్తే పట్టుకుని ఉంటుంది.

పచ్చబడిన కొమ్మలు, కుళ్ళు, పిండినల్లి

వేరిగేటెడ్ మొక్కలో పూర్తి పచ్చ కొమ్మ ఒకటి లేస్తే అది మిగతావాటికంటే వేగంగా పెరుగుతుంది, కొన్ని నెలలు వదిలేస్తే మొక్కంతా అదే అయిపోతుంది. చూసిన రోజే, అది పుట్టిన కణుపు దాకా దిగి, చివరగా రెండు రంగులూ ఉన్న ఆకు ఎక్కడుందో అక్కడ పైన కోసేయండి. ఎండ పెంచితే మళ్ళీ రంగు వస్తుందనుకుని ఆగొద్దు, పచ్చబడిన కొమ్మ తిరిగి మారడం చాలా అరుదు. పూర్తి తెల్ల కొమ్మలు ఒకటి రెండు ఉంటే అందానికి ఉంచుకోవచ్చు, మరీ ఎక్కువైతే తల్లి నీరసిస్తుంది కాబట్టి తగ్గించండి.

కాండం కింద నల్లబడి మెత్తబడితే నీళ్ళు ఆపి కూర్చోవడం వల్ల లాభం లేదు, పైకి పాకుతుంది. పైభాగం కోసి, కోత మధ్యలో చూడండి, గోధుమ రంగు చుక్కగానీ రింగ్ గానీ కనిపిస్తే ఇంకో అరంగుళం పైకి కోయండి, బ్లేడు తుడిచి మళ్ళీ. లోపల మొత్తం ఒకే శుభ్రమైన రంగు వచ్చేదాకా కోస్తూనే పోవాలి. ఆ తర్వాత సాఫ్ అద్ది ఆరబెట్టి మామూలు కటింగ్ లాగే. మిగతా మొక్కలకి సాఫ్ లీటర్ కి 2 గ్రాములు కలిపి ఒకసారి మట్టిలో పోయొచ్చు.

పిండినల్లి ఆకుల మూలల్లో చేరుతుంది, మనం కాపాడుకుంటున్న మొగ్గలు ఉండేది కూడా అక్కడే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇయర్ బడ్ స్పిరిట్ లో ముంచి ఒక్కోదాన్ని తాకితే చాలు, వారానికోసారి చొప్పున నెలంతా చేయాలి, గుడ్లు మిగిలి మళ్ళీ వస్తాయి. వేపనూనె లీటర్ కి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం కొట్టొచ్చు కానీ ఎకెవేరియా ఆకుల మీద ఉండే బూడిద లాంటి పొర దాంతో పోతుంది, అక్కడ స్పిరిట్టే వాడండి, అది కూడా పురుగు ఉన్న చోట మాత్రమే. కుండీ చుట్టూ చీమలు వరస కట్టి తిరుగుతుంటే పైన ఏమీ కనిపించకపోయినా అనుమానించండి, పిండినల్లి వదిలే తీపి నీళ్ళ కోసం చీమలే దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి. అప్పుడు మొక్కని బయటికి తీసి వేర్ల మధ్య తెల్లపొడి ఉందేమో చూసి, ఉంటే పాత మట్టి మొత్తం కవర్లో కట్టి పారేసి, వేర్లు కడిగి రెండు రోజులు ఆరబెట్టి కొత్త మిక్స్ లో పెట్టండి, పాత కుండీని వేడినీళ్ళతో కడిగాకే మళ్ళీ వాడండి.